సముద్రమధ్య దీపస్తంభమునకు ఏ దీపము తగును?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



దీపమును గూర్చి మన పూర్వులు పలువిధముల చెప్పియున్నారు. గడపపై నుంచిన దీపము లోపలి గదికిని, వెలుపలి వాకిటికిని ఒక్కమాఱే వెలుగు నిచ్చును. దీనిని దేహళీదీపన్యాయ మనిరి. కుండలో నుంచిన దీపము కుండకు మాత్రమే వెలుగు. దీనిని ఘటప్రదీపన్యాయ మనిరి. ఈ రెండింటికిని చెందని దీప మొకటి కలదు. దానికి ఇల్లును లేదు, వాకిలియు లేదు. దానిని వెలిగించినవానికి దాని వెలుగుతో పనియు లేదు. ఎవని కొఱకు అది వెలుగుచున్నదో, అతడు పది పదునైదు మైళ్ళ దూరమున, చీకటిలో, ఊగుచున్న ఓడపై నిలిచియుండును. అతడు దానిని సకాలమున చూచినచో ఓడయు, అందలి ప్రాణములును దక్కును. చూడనిచో ఓడ రాతిపై బడి నశించును. సముద్రమధ్యమున నున్న దీపస్తంభము అట్టిది.

అట్టి స్తంభమునకు ఏ దీపము తగును? మిక్కిలి కాంతివంతమైనదే తగునని ఎవరికైనను మొదట తోచును. కాని రెండువందల సంవత్సరములకు పైగా ఇంజనీర్లును, భౌతికశాస్త్రజ్ఞులును, నావికులును ఈ ప్రశ్ననే తర్కించిరి, ప్రయోగములు చేసిరి, కొన్ని యెడల కలహించిరి, తుదకు వేఱొక సమాధానమునకు వచ్చిరి. కాశ్మీర దేశీయుడగు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతము చేసెను. ఎంతటి అలంకారమైనను తగినచోట నుండనిచో శోభింపదని ఆయన మతము. దీపస్తంభపు దీపము విషయమునను ఆ సిద్ధాంతమే చెల్లునని ఈ వృత్తాంతము వలన తెలియగలదు.

ఎడ్డిస్టోన్ శిల

ఇంగ్లండు దేశపు నైరుతి తీరమున ప్లిమత్ అను రేవు కలదు. ఆ రేవునకు సుమారు 14 మైళ్ళ దూరమున, నడిసముద్రమున ఎడ్డిస్టోన్ అను శిలలు కలవు. పోటు వచ్చినప్పుడు ఆ రాళ్ళు దాదాపుగ మునిగిపోవును. వాటిని తాకి మునిగిన ఓడలు పెక్కులు. అచట స్తంభము నిలుపుట యొక కష్టము. నిలిపిన స్తంభమునకు దీపము నెన్నుట మఱొక కష్టము. ఒకే శిలపై మూడువందల సంవత్సరములలో దీపము ఎన్నిమాఱులు మాఱెనో, ఎందులకు మాఱెనో గమనించినచో విషయమంతయు బోధపడును.

మొదటి స్తంభమును హెన్రీ విన్‌స్టాన్లీ అనునాతడు 1698లో నిర్మించి క్రొవ్వొత్తులు వెలిగించెను. 1703 నవంబరులో వచ్చిన మహావాతమున ఆ స్తంభమును, ఆ రాత్రి అందున్న నిర్మాతయు సముద్రము పాలైరి. పిమ్మట జాన్ రడ్యర్డ్ అనునాతడు ప్రధానముగ కొయ్యతో కట్టిన రెండవ స్తంభము దాదాపు ఏబది సంవత్సరములు నిలిచెను. 1755 డిసెంబరులో ఒక రాత్రి పైనున్న దీపపు గదియందే నిప్పు పుట్టెను. ఆ నిప్పు పైనుండి క్రిందికి దిగుచు స్తంభము నంతయు దహించెను. తొంబది దాటిన వయస్సున కాపరిగా నుండిన హెన్రీ హాల్ అను వృద్ధుడు నిప్పు నార్పబోవగా, కప్పునుండి కరగి కాఱిన సీసము అతని గొంతున బడెను. కొలది దినములకే అతడు మరణించెను. నావికుని రక్షింపవలసిన మంట కాపరిని చంపెను. కావున దీపము నెన్నువాడు అడుగవలసిన మొదటి ప్రశ్న, ఎంత వెలుగును అనునది కాదు. తానున్న ఇంటికి అది క్షేమమా కాదా అనునది.

మూడవ స్తంభమును జాన్ స్మీటన్ అను ప్రఖ్యాత ఇంజనీరు రాతితో కట్టెను. 1759 అక్టోబరులో దానియందు దీపము వెలిగెను. ఆ దీపము 24 క్రొవ్వొత్తుల గుత్తి. అంతటి ఇంజనీరు క్రొవ్వొత్తులతో తృప్తిపడుట నేడు విన్నవారికి వింతగా నుండును. కాని ఆనాడు ఉండిన మార్గములు మూడే. ఒడ్డుననున్న పెక్కు దీపస్తంభములందు ఇనుప బుట్టలలో బొగ్గుమంట వేయుచుండిరి. దానికి రాత్రికి ఎంతో బొగ్గు కావలెను. ఆ బొగ్గును పడవలతో ఎడ్డిస్టోన్ శిలకు చేర్చుట అసాధ్యము. గాజుపలకల నడుమ అంత మంట వేయుటయు అసాధ్యము. నాటి నూనెదీపములు మసి గ్రక్కి గాజును నల్లజేయుచుండెను. ఇక మిగిలినవి క్రొవ్వొత్తులే. వాటి వత్తులను కత్తిరించుటకు కాపరులను హెచ్చరించునట్లు అఱగంట కొకమాఱు మ్రోగు గడియారమును గూడ స్మీటన్ ఏర్పఱచెను. వెలుగు కొంచెమే, అయినను ఆ శిలపై, ఆ కాలమున, ఇద్దఱు ముగ్గురు మనుష్యులు తప్పక నిలుపగల వెలుగు అదియే.

కాంతికి జమాఖర్చు

ఇంటి వ్యవహారమున ధనమునకు జమాఖర్చు వ్రాసినట్లు దీపమున కాంతికిని జమాఖర్చు వ్రాయవచ్చును. మంట తన కాంతిని నలుదిక్కులకు, పైకి, క్రిందికి సమముగ వెదజల్లును. పైకి పోయినది ఆకాశమునకు; క్రిందికి పోయినది స్తంభపు పాదమునకు. నావికునికి చేరునది సముద్రపు అంచున సన్నని పట్టీవలె పోవు కాంతి మాత్రమే. అదియు దూరమైనకొలది పలుచనగును. దూరము రెండింతలైనచో కంటికి చేరు కాంతి నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. కావున జమ పెంచవలెను, లేదా వ్యర్థమును తగ్గింపవలెను.

జమను పెంచినవాడు స్విట్జర్లాండు దేశీయుడగు ఎమీ ఆర్గాన్. ఇతడు సుమారు 1780లో బోలుగా, గుండ్రముగా నున్న వత్తిని కల్పించెను. గాలి వత్తి వెలుపలనే గాక లోపలనుండియు మంటకు అందును. దానిపై నిలిపిన గాజుచిమ్నీ గాలిని పైకి లాగును. అందువలన మసి తగ్గి, మంట తెల్లనై, నిలుకడగ వెలుగును. మన యిండ్లలోని లాంతరు చిమ్నీ చేయు పనియు ఇదియే.

వ్యర్థమును తగ్గించుటకు మొదట వాడినవి అద్దములు. ఈ విషయమున ఫ్రాన్సు దేశమున జరిగిన యొక సంగతి గమనింపదగినది. జిరోండ్ నదీముఖమున, తీరమునకు ఎడముగ సముద్రమున, 1611లో పూర్తియైన కోర్దువాన్ అను రాజవైభవము గల దీపస్తంభము కలదు. 1782లో అచటి బొగ్గుమంటను తీసివేసి, నూనెదీపములను, వాటి వెనుక అద్దములను అమర్చిరి. నూతన పద్ధతి గనుక మేలైనదని అమర్చినవారు తలచిరి. కాని ఆ త్రోవన పోవు నావికులు ఈ దీపము సరిగా కనబడుట లేదనియు, వెనుకటి బొగ్గుమంటయే మేలనియు మొఱపెట్టుకొనిరి. ఆ అద్దములు కిరణములను ఒక్కదిక్కునకు కూర్పగల ఆకారము గలవి కావు. కొలది సంవత్సరములకే త్యూలేర్ అను ఇంజనీరు ఆ స్తంభమును ఎత్తు చేయించి, శాస్త్రోక్తమైన వంపు గల అద్దములను పెట్టించెను. ఆ వంపునకు పరవలయమని పేరు. దాని నాభియందు దీపము నుంచినచో అద్దమున పడిన కిరణములన్నియు సమాంతరములై ఒకే దిక్కునకు పోవును. దీపము బాగున్నదా లేదా యని తీర్పు చెప్పవలసినవాడు దానిని చేసినవాడు కాదు, చూడవలసినవాడని నావికుల మొఱ వలన తేలెను.

ఎడ్డిస్టోన్ శిలపై క్రొవ్వొత్తులు పోయి 1810లో ఆర్గాన్ దీపములును, వెండిపూత అద్దములును వచ్చెను. వెలుగు ఎంతో హెచ్చెను. కాని అద్దములకు రెండు లోపములు కలవు. ప్రతి దీపమునకును ఒక్కొక్క అద్దము కావలెను. ప్రతిదినము అన్నింటిని తుడిచి మెఱుగు పెట్టవలెను. మఱియు ఆనాటి లోహపుటద్దము తనపై పడిన కాంతిలో దాదాపు సగము మ్రింగివేయును.

ఫ్రెనెల్ కటకము

ఈ నష్టమును పోగొట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఆగస్తెన్ ఫ్రెనెల్. 1788లో జన్మించిన ఇతడు వృత్తిచే బాటలు, వంతెనలు కట్టించు ఇంజనీరు, దేహముచే దుర్బలుడు, బుద్ధిచే కాంతిశాస్త్రమున అగ్రగణ్యుడు. 1819లో ఫ్రాన్సు ప్రభుత్వపు దీపస్తంభ సంఘమున చేరి, లోహపుటద్దములకు బదులు గాజు కటకములను వాడవలెనని సూచించెను.

ఎండలో పట్టిన భూతద్దము సూర్యకిరణములను ఒక్కచోటికి చేర్చుటను బాలురందఱు ఎఱుగుదురు. ఆ క్రమమునే తిప్పి, కిరణములు చేరు ఆ స్థలమున దీపము నుంచినచో కిరణములు సమాంతరములై వెలువడును. కాని దీపస్తంభమునకు చాలునంత పెద్ద భూతద్దమును పోతపోసినచో నడుమ అది మిక్కిలి దళసరిగ నుండును, బరువు మోయరానిదగును, దళసరి గాజు కాంతిని మ్రింగును. కిరణమును వంచునది గాజు యొక్క పైతలమే గాని లోపలి దళసరి కాదు. కావున ఆ దళసరిని తీసివేసి, వంపుతలమును మాత్రము వలయములుగ ఖండించి, మెట్లవలె ఒకదాని చుట్టు నొకటి అమర్చినచో పని జరుగును. ఇట్టి తలంపు ఫ్రెనెల్‌కు పూర్వము బుఫాన్, కొందర్సె అను ఫ్రెంచి పండితులకును కలిగియుండెను. దానిని గణించి, వేఱువేఱు ముక్కలుగ చేయించి, స్తంభమున నిలిపి వెలిగించినవాడు ఫ్రెనెల్.

1823 జూలై 25వ తేదీన కోర్దువాన్ స్తంభముననే ఆ కటకయంత్రము వెలిగెను. నడుమ ఒకే దీపము. దానికి ఒకదానిలో నొకటిగా నాలుగు వత్తులు. చుట్టును ఎనిమిది పెద్ద కటక ఫలకములు. గడియారపు యంత్రముచే ఫలకముల చట్ర మంతయు ఎనిమిది నిమిషముల కొకమాఱు తిరుగును. అందువలన దూరమున నున్న నావికునికి నిమిషమున కొకమాఱు ప్రకాశవంతమైన కిరణము తగులును. ఏ కోర్దువాన్ వద్ద నావికులు క్రొత్త దీపమును నిందించిరో అచటనే జగత్తునకు మేలుబంతియైన దీపము వెలిగెను. ఫ్రెనెల్ క్షయరోగముచే 1827లో, ముప్పదితొమ్మిది యేండ్ల వయస్సున గతించెను. అతని తమ్ముడు లియొనార్ ఆ పనిని కొనసాగించెను. స్కాట్లండు ఇంజనీరగు అలన్ స్టీవెన్సన్ ఫ్రాన్సునకు పోయి ఈ పద్ధతిని నేర్చి, స్కెరివోర్ అను భయంకరమైన సముద్రశిలపై తాను కట్టిన స్తంభమున 1844లో ఇట్టి కటకయంత్రమునే నిలిపెను. మఱుసటి సంవత్సరమున ఎడ్డిస్టోన్ శిలకును పారిస్ నగరమున తయారైన కటకములు వచ్చెను.

వెలుగు ఎంత దూరము పోవలెను?

ఇచట నొక లెక్క చూడదగును. భూమి గుండ్రనిది, కాంతి తిన్నగా పోవును. కావున దీపమెంత గొప్పదైనను దాని కిరణము సముద్రపు వంపును దాటి క్రిందికి దిగి రాదు. దీపపు ఎత్తు అడుగులలో ఎంతయో దానికి వర్గమూలము కట్టి, దానికి దాదాపు ఆఱవ వంతు చేర్చినచో, సముద్రపు మైళ్ళలో దాని చూపుమేర వచ్చును. నూఱు అడుగుల ఎత్తున నున్న దీపమునకు వర్గమూలము 10; చూపుమేర 11 మైళ్ళ ముప్పాతిక. ఓడపై 25 అడుగుల ఎత్తున నిలిచిన నావికుని కంటికి వర్గమూలము 5. అతని చూపుమేర దాదాపు 6 మైళ్ళు. రెండును కూడగా 17 మైళ్ళ పైచిల్లర. నిర్మలమైన రాత్రి అంతవఱకు చేరగల దీపమున్నచో, దానికి పదింతలు కాంతి హెచ్చించినను ఆ నావికునికి ఒక్క మైలైనను ముందుగ దీపము కనబడదు.

అట్లయినచో గొప్ప కాంతితో పని యేమి? పని కలదు. అది నిర్మలమైన రాత్రికి కాదు, మబ్బు, వాన, పొగమంచు కమ్మిన రాత్రికి. నావికునికి దీపము అత్యవసరమైనదియు ఆ రాత్రియే. కావున తెలివియైన ఎన్నిక ఏదనగా, మామూలు రాత్రి చాలునంత వెలుగును, చెడు రాత్రి హెచ్చింపగల వెలుగును ఒకే యంత్రమున నుండునట్లు చేయుట.

స్మీటన్ కట్టిన స్తంభము చెడలేదు గాని, దాని క్రింది రాయి అలల తాకిడికి అఱిగి, స్తంభము కదలజొచ్చెను. అందుచే జేమ్స్ డగ్లస్ అను ఇంజనీరు ప్రక్క రాతిపై నాలుగవ స్తంభమును కట్టెను. 1882 మే నెలలో అది వెలిగెను. కటకములను కల్పించినవాడు జాన్ హాప్కిన్సన్. చేసినవారు ఛాన్స్ సోదరుల కర్మాగారము వారు. అందు ఒకదానిపై నొకటిగ రెండంతస్థుల కటకములు. అంతస్థునకు ఒక్కొక్క ఆఱు వత్తుల నూనెదీపము. నిర్మలమైన రాత్రులందు క్రింది దీపమును మాత్రము వెలిగించెడివారు. ఆకాశము చెడినప్పుడు రెండును నిండుగా వెలిగింపగా ఒక లక్ష ఏబదితొమ్మిదివేల క్రొవ్వొత్తులకు సమానమైన కాంతి వచ్చెడిది. ఎప్పుడు రెండవ దీపము వెలిగింపవలెనో కాపరి తన ఇష్టానుసారము నిర్ణయింపనక్కఱలేదు. ప్లిమత్ రేవు గోడపై మఱొక దీపము కలదు. అది కనబడుచున్నంతవఱకు ఒకటి చాలును. కనబడనినాడు రెండును వెలుగవలెను. అట్టి సులభమైన నియమము వలన నూనె వ్యర్థము కాలేదు, ప్రమాదమును రాలేదు. పొగమంచు మిక్కిలి దట్టమైనచో ఏ దీపమును పనిచేయదు గనుక పెద్ద గంటలను గూడ ఏర్పఱచిరి.

విద్యుత్తు, గ్యాసు, నూనె

1882 నాటికి విద్యుద్దీపము లోకమున వెలసియున్నది. ఇంగ్లండు దేశపు దీపస్తంభములను పాలించు ట్రినిటీ హౌస్ అను సంస్థ సౌత్ ఫోర్లండ్ అను అగ్రమున 1858లోనే దానిని పరీక్షించెను. అయినను డగ్లస్ ఎడ్డిస్టోన్ శిలకు నూనెనే ఎన్నుకొనెను. కారణము స్పష్టము. నాటి విద్యుత్తునకు ఆవిరియంత్రములు కావలెను. వాటికి బొగ్గును, మంచినీరును, యంత్రవిద్య నెఱిగిన మనుష్యులును కావలెను. సౌటర్, లిజర్డ్ మొదలగు అగ్రములందు విద్యుద్దీపములుండెను. కాని అవియన్నియు ఒడ్డున, బండ్లు పోగల చోట్ల నుండినవి. నూనెకు అంతటి హంగామా లేదు. ఎడ్డిస్టోన్ స్తంభపు అడుగుభాగమున 18 తొట్లలో తొమ్మిది నెలలకు చాలునంత నూనె నిలువ యుండెను. తుపానుల వలన వారముల తరబడి పడవ రాకున్నను దీపము ఆఱదు.

మూడవ పక్షము గ్యాసు. డబ్లిన్ నగరవాసియగు జాన్ విగమ్ పెక్కు సన్నని మంటలు గల గ్యాసు దీపమును కల్పించెను. మంటల సంఖ్యను చిటికెలో తగ్గించుటకు, హెచ్చించుటకు అందు వీలుండెను. ఐర్లండు తీరమున అది కీర్తి గాంచెను. విగమ్‌నకు న్యాయము జరుగుట లేదని తలచి, ట్రినిటీ హౌస్‌కు శాస్త్ర సలహాదారుగా నుండిన జాన్ టిండల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1883లో పదవిని విడిచెను. దీపమును గూర్చిన కలహము అంతవఱకు పోయెను.

వాదముచే తేలని దానిని ప్రయోగముచే తేల్చుట మేలు. 1884, 1885 సంవత్సరములలో సౌత్ ఫోర్లండ్ వద్ద మూడు తాత్కాలిక గోపురములు కట్టి, ఒకదాన విద్యుత్తు, ఒకదాన గ్యాసు, ఒకదాన నూనె వెలిగించి, ఒడ్డునుండియు, ఓడలనుండియు, నిర్మలమైన రాత్రులందును, పొగమంచు రాత్రులందును చూచి వ్రాసికొనిరి. తుది తీర్పు ఇది: అన్ని వాతావరణములందును విద్యుద్దీపమే బలవత్తరము, అయినను మామూలు అవసరములకు ఖనిజతైలము, అనగా కిరసనాయిలు వంటి నూనె, మిక్కిలి అనుకూలమైనదియు, చౌకయైనదియు, మిక్కిలి ముఖ్యమైన అగ్రములకు, గొప్ప వెలుగు తప్పనిసరియగు చోట్లకు విద్యుత్తు తగినది. గెలిచినది ఏది, ఓడినది ఏది యనుటకు వీలులేకుండ, ఎచ్చట ఏది తగునో చెప్పిన తీర్పు అది.

తానెవరో చెప్పు దీపము

దీపము కనబడినంత మాత్రమున చాలదు. అది ఏ దీపమో తెలియవలెను. ఒకటి యనుకొని మఱొకదానిని నమ్మిన ఓడకు, దీపము లేకుండుటకంటె ఉండుటయే ముప్పు. స్కాట్లండు తీరమునకు దూరముగ బెల్ రాక్ అను శిలపై 1811లో వెలిగిన దీపము ఎఱుపును, తెలుపును మార్చిమార్చి చూపుచుండెను. గుఱుతు బాగుగనే తెలియును. కాని ఎఱ్ఱగాజు కాంతిలో పెద్దభాగమును ఆపివేయును గనుక ఎఱుపు తెలుపంత దూరము పోదు. హాప్కిన్సన్ 1874లో మఱొక ఉపాయము చెప్పెను: రంగు మార్పక, మెఱుపులను జంటలుగ, మూకలుగ కూర్చుట. కటకములను తగినట్లు ఖండించి అమర్చినచో చాలును. కాంతి కొంచెమైనను నష్టము కాదు. ఎడ్డిస్టోన్ దీపమునకు ఇట్లే ముప్పది సెకండ్లకు రెండు మెఱుపులు ఏర్పడెను. నేడు పది సెకండ్లకు రెండు తెల్లని మెఱుపులు. ఓడలోని పుస్తకమున ప్రతి దీపమునకును ఇట్టి గుఱుతు వ్రాయబడియుండును. నావికుడు గడియారము చేతబట్టి లెక్కించి, ఇది ఫలానా శిల యని నిశ్చయించుకొనును.

కాపరి చేతిలో దీపము

యంత్రమెంత గొప్పదైనను దానిని నడుపువాడు మనుష్యుడు. మైకేల్ ఫారడే వంటి మహాశాస్త్రజ్ఞుడు 1836 మొదలు 1865 వఱకు ట్రినిటీ హౌస్‌కు సలహాదారుగా నుండి, గొప్ప సిద్ధాంతములతో పాటు మిక్కిలి చిన్న సంగతులను గూడ విచారించెను. అందొకటి గాజుపై పట్టు చెమ్మ. నూనె కాలినప్పుడు దాదాపు దాని బరువంత నీరు ఆవిరియై పుట్టును. చలికాలపు రాత్రి ఆ ఆవిరి గాజుపలకలకు పట్టి మంచగును. అప్పుడు వేలకొలది క్రొవ్వొత్తుల కాంతియు గాజు లోపలనే నిలిచిపోవును. ఫారడే ఆ ఆవిరిని పొగతో గూడ గొట్టము గుండ వెలుపలికి పంపు ఉపాయమును చేసెను.

తరువాతి మార్పులు త్వరగా వచ్చెను. పెండ్లి ఊరేగింపులందు వెలుగుచుండిన పెట్రోమాక్సు దీపమును పెద్దలందఱు ఎఱుగుదురు. కిరసనాయిలు ఒత్తిడిచే ఆవిరియై, మాంటిల్ అను సన్నని సంచిలో తెల్లగా కాలును. ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున ఆ పద్ధతియే సముద్రశిలల దీపములకు వచ్చెను. తక్కువ నూనెతో ఎక్కువ వెలుగు గలిగెను. కటకముల భారము పాదరసపు తొట్టిలో తేలునట్లు చేయుటచే, వ్రేలితో త్రోసినను అది తిరుగుచు, మెఱుపులు త్వరత్వరగ వచ్చుచుండెను. కాని పాదరసపు ఆవిరి విషము. ఒకనాడు గొప్ప సౌకర్యమని మెచ్చిన దానిని నేడు పెక్కుచోట్ల జాగ్రత్తగా తీసివేయుచున్నారు.

స్వీడన్ దేశీయుడగు గుస్తావ్ డాలెన్, పగలు తానై ఆఱి, చీకటి పడగానే తానై వెలుగు ఎసిటిలీన్ దీపమును కల్పించెను. కాపరి నిలువజాలని రాళ్ళకు అది వరమయ్యెను. అందులకు 1912లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే గ్యాసు పరీక్షలో ప్రేలుడు జరిగి డాలెన్ రెండు కన్నులను కోల్పోయెను. అయినను పిమ్మట ఇరువదియైదేండ్లు తన పరిశ్రమను నడిపెను. లోకపు నావికుల కన్నులకు వెలుగు నిచ్చినవానికి తన కన్నులు దక్కలేదు.

ఎడ్డిస్టోన్ శిలకు విద్యుత్తు 1959లో వచ్చెను. శిలపైననే నడపదగిన చిన్న డీజిల్ యంత్రములు వచ్చిన తరువాతనే అది తగినదయ్యెను. 1982లో కాపరులు స్తంభమును విడిచిరి, దీపము స్వయంచాలితమయ్యెను. 1999లో సూర్యశక్తి వచ్చెను. ఏడు టన్నుల కటకములతో, ఆఱు వత్తులతో, ముగ్గురు మనుష్యులతో వెలిగిన దీపమునకు బదులు నేడు చిన్న దీపము పగటి యెండను దాచుకొని రాత్రి వెలుగుచున్నది. కాంతి లెక్కకు తగ్గినను, ఓడలకు దిక్కు చూపు ఇతర సాధనములున్న ఈ కాలమునకు అది చాలును. పడవ రానక్కఱలేదు, నూనె మోయనక్కఱలేదు, నిప్పు భయము లేదు.

తుది మాట

సముద్రమధ్య దీపమును ఎన్నువారు అడుగవలసిన ప్రశ్నలు ఈ చరిత్ర వలన వరుసగ తేలుచున్నవి. స్తంభమునకును, కాపరికిని అది క్షేమకరమా? నెలల తరబడి పడవ రాకున్నను ఆఱక వెలుగునా? చెడు రాత్రి దాని వెలుగును హెచ్చింపవచ్చునా? తానెవరో నావికునికి నిస్సంశయముగ చెప్పునా? చేతనున్న మనుష్యులు దానిని ప్రతిరాత్రియు తప్పక నడుపగలరా? ఇన్నింటికి సమాధానము చెప్పిన పిమ్మట, కాంతి యెంత యను ప్రశ్న అడుగవచ్చును. అందఱికిని మొదట తోచు ప్రశ్నకు సరియైన స్థానము తుదినే.

మన విశాఖపట్టణమున డాల్ఫిన్ నోస్ కొండపై నున్న దీపమునకు కొండయే ఎత్తు నిచ్చినది, బాటయు కలదు. దానికి తగినది ఎడ్డిస్టోన్ శిలకు తగదు. ఎడ్డిస్టోన్‌కు తగినది దీనికి అక్కఱలేదు. చోటు మాఱినచో దీపమును మాఱవలెను.

ఈ గ్రంథాలయమునకు పుస్తకములను ఎన్నుకొను పెద్దలకును ఈ విచారణ కొంత పనికివచ్చును. ఖరీదైన గ్రంథము బీరువాలో మెఱయుట యొకటి. పొలమునుండి వచ్చి సాయంకాలము లాంతరు వెలుగున అక్షరములు కూడబలుకుకొన్న వానికి అందిన పుస్తక మొకటి. ఇరువదియైదు సంవత్సరములుగ ఏ పుస్తకము ఎన్నిమాఱులు ఎవరి యింటికి పోయినదో చందాదారుల పుస్తకమున వ్రాయబడియే యున్నది. కోర్దువాన్ నావికుల మొఱను విన్నట్లు, ఆ లెక్కను కార్యవర్గమువారు ఏటేట ఒకమాఱు చదువుట మంచిది.

ఇంతటితో ఈ ప్రసంగము ముగియుచున్నది.